పిచ్చరొట్టె

వేసవి సెలవులకు బడి మూసిన మరునాడు నేను ఉదయగిరిలో ఆత్మకూరు బస్సు ఎక్కాను. ఒళ్ళో ఒక రేకు పెట్టె ఉంది. అందులో మా తమ్ముడు పెంచలనరసింహం యుద్ధం రోజుల్లో ఇటలీ నుంచి నాకు రాసిన పదిహేడు ఉత్తరాలున్నాయి. తమ్ముడు ఆ ఏడు, అంటే 1955లో, మాఘమాసంలో పోయాడు. మూడు రోజుల జ్వరం. అప్పటినుంచి నేను ఆ పెట్టె మూత తీయలేదు.

"పెట్టెలో ఏముండాది అయ్యవారూ? లగేజీ టిక్కెట్టు కొట్టాల్నా?" అన్నాడు కండక్టరు మస్తానయ్య.

"కాగితాలు."

"కాగితాలకి టిక్కెట్టు లేదులే. ఆ యమ్మ తెమ్మన్న కాగితాలేనా?"

తలూపాను. ఆ కబురు నాకు తెచ్చింది అతడే. ఉత్తరాలు తీసుకుని రమ్మని తమ్ముడి భార్య సుబ్బరత్నమ్మ చెప్పి పంపింది.

"రొట్టి మళ్ళా వస్తాదా రాదా, ఒక మాట చెప్పండి అయ్యవారూ. మూడు నెలలైంది తిని. ఆత్మకూరులో బస్సు ఆగితే చాలు, రొట్టి యాడ అని ప్యాసింజర్లు నన్ను పీక్కు తింటుండారు. నేనేదో సంచిలో దాచుకున్నట్టు."

"నాకు తెలియదు" అన్నాను.

తమ్ముడు 1946లో మిలటరీ నుంచి తిరిగొచ్చాడు. మూడేళ్ళు అక్కడా ఇక్కడా పనిచేసి, పెళ్ళి చేసుకుని, ఆత్మకూరులో బస్సులు ఆగే వీధిలో ఒక పెంకుటిల్లు తీసుకుని హోటలు పెట్టాడు. తాను మిలటరీలో పనిచేశాడు కాబట్టి బోర్డు మీద 'మిలటరీ హోటల్' అని రాయించాడు. మన వైపు ఆ మాటకు మాంసం వండే చోటు అని అర్థం. మొదటి వారం వచ్చినవాళ్ళందరూ వేటమాంసం అడిగి, లేదంటే తిట్టి పోయారు. రెండో వారం మిలటరీ మీద సున్నం పూశారు. హోటల్ ఒక్కటే మిగిలింది.

పనివాళ్ళు ఎవరూ లేరు. మా అమ్మ రాఘవమ్మ పిండి పిసికేది, సుబ్బరత్నమ్మ కాల్చేది, తమ్ముడు పెట్టేవాడు. ఇడ్లీ, కాఫీ ఆ వీధిలో నాలుగు చోట్ల దొరికేవి. ఇక్కడికి జనం వచ్చేది ఒక్క రొట్టె కోసం. గోధుమపిండిని పులిసిన మజ్జిగతో తడిపి ఉంచి, పళ్ళెమంత వెడల్పున తట్టి, పైన రామములక్కాయల, అంటే టమాటాల పచ్చడి పూసి, ఉప్పూ మిరియాలూ వేసి వండిన జున్ను ముక్కలు పరిచి కాల్చేవాళ్ళు. దానికి పొయ్యి కూడా వేరు. పెరట్లో ఇటుకలతో, బంకమట్టితో గుండ్రంగా కట్టి ముందు ఒక నోరు పెట్టాడు తమ్ముడు. చూడటానికి పాముపుట్టలా ఉండేది. మొదటి ఏడు నాగులచవితి నాడు పక్కింటి దేవకమ్మ పసుపు కుంకుమలు తెచ్చి, దానికి పూజ చేసి, లోపల చెంబెడు పాలు పోసి వెళ్ళింది. ఆ రోజు పొయ్యి అంటుకోలేదు.

ఊళ్ళో దాన్ని పిచ్చిరొట్టె అనేవాళ్ళు. ఆ పేరు నావల్ల వచ్చింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

జున్ను కావాలంటే ఎక్కడో ఒక బర్రె ఈనాలి. ఈనిన మొదటి మూడు రోజుల పాలే జున్నుకు పనికొస్తాయి. ఆ పాలను పల్లెల్లో అమ్ముకోరు, ఇరుగుపొరుగుకు పంచుతారు. అందుకని తమ్ముడు సైకిలు మీద అనంతసాగరం వైపు, మర్రిపాడు వైపు పల్లెలన్నీ తిరిగేవాడు. ఏ ఊళ్ళో ఎవరి బర్రె చూలుతో ఉందో, అది ఎప్పుడు ఈనుతుందో వాడికి నోటికి వచ్చు. ఆ ఇంటికి వెళ్ళి చెంబు పట్టేవాడు. మర్నాడు ఆ చెంబు తిరిగి ఇవ్వడానికి వెళ్ళి, దానితో పాటు రెండు రొట్టెలు ఇచ్చి వచ్చేవాడు. జున్ను దొరికిన రోజు వాకిట్లో ఎర్రగుడ్డ కట్టేవాడు. అది చూస్తే వేరే ఊరికి పోయేవాళ్ళు కూడా బస్సు దిగేవాళ్ళు.

ఆ చూలు బర్రెల సంగతి వాడు ఎక్కడా రాసుకోలేదు. వాడితోనే పోయింది. పదో రోజు పరామర్శకు మర్రిపాడు నుంచి ఓబులయ్య అనే రైతు వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "మా బర్రె రాత్రి ఈనింది. ఇంక ఎవురికి చెప్పేది?" అని ఏడ్చాడు. ఆ పది రోజుల్లో నేను విన్న ఓదార్పు మాటలు ఒక్కటీ గుర్తు లేవు. అది గుర్తుంది.

ఆత్మకూరులో దిగేసరికి మధ్యాహ్నమైంది. సుబ్బరత్నమ్మ మంచినీళ్ళు తెచ్చి గడప అవతల పెట్టి, తలుపు పక్కన నిలబడింది.

"సోమవారం మా అన్న బండి తోలుకోని వస్తుండాడు బావగారూ. వరికుంటపాడుకు వచ్చేయమంటాడు. హోటలు నడస్తా ఉంటే నిన్నేమీ అడగను అన్నాడు. నడవకపోతే ఊరుకోడు."

"నీ మనసులో ఏముందమ్మా?"

"అన్న మంచోడే. వదినా మంచిదే. వాళ్ళింట్లో ఒక మూల కూచోని పెట్టింది తినేదానికి నాకు మనసొప్పటంలా. చేతిలో పనుండాది గదా." పెట్టె వైపు చూసింది. "ఎండాకాలం బర్రెలు ఈనవు. జున్ను లేకుండా ఆ దేశంలో ఎట్ట చేస్తారో ఆయన మీకు రాసుంటాడు. నాకు చదువు రాదు. మీరే చూసి చెప్పండి."

ఇంక మూత తీయక తప్పలేదు.

ఉత్తరాల్లో అక్కడక్కడా నల్లసిరాతో కొట్టివేతలున్నాయి. అవి మిలటరీ వాళ్ళవి. ఊళ్ళ పేర్లు తెలియకూడదని కొట్టేశారు. మిగిలిన చోట్లంతా ఎర్రసిరా. అది నాది. తమ్ముడు ఐదో తరగతితో చదువు మానేశాడు. మాట్లాడినట్టే రాసేవాడు, ఒత్తులు ఎగరగొట్టేవాడు. వాడి ఉత్తరం రాగానే నేను పిల్లల నోటుపుస్తకాలు దిద్దినట్టు దిద్దేవాణ్ణి. దిద్దినవన్నీ ఒక కార్డు మీద రాసి, 'ఇకమీదట ఇట్లు వ్రాయవలెను' అని పంపేవాణ్ణి. యుద్ధంలో ఉన్నవాడికి.

ఎనిమిదో ఉత్తరంలో ఉంది.

'అన్నా, ఇక్కడ ఒక ఇంటోళ్ళు రొట్టె అమ్ముతారు. ముసిలామె పిండి పిసుకుతాది. కోడలు పొయ్యికాడ ఉంటాది. కొడుకు పెడతాడు. బాంబులకి సగం ఇల్లు పడిపోతే మిగిలిన సగంలో అమ్ముతుండారు. జనం ఎండలో వరసగా నిలబడి తింటారు. దాని పేరు వాళ్ళు పలికేది మన అచ్చరాలకు రాదు. పిచ్చ అని రాస్తుండా. ఆదివారం వస్తే మాకందరికీ పిచ్చ. పైన తెల్లంగా ఒకటి ఏస్తారు. ఈడ కూడా మన బర్రెలే ఉండాయన్నా, చూసి కండ్లలో నీళ్ళు తిరిగినాయి. వాటి పాలు గోరెచ్చంగా ఉండంగానే పులుపు పోసి ఇరగ్గొడతారు. నీళ్ళు పిండి, మరిగే నీళ్ళలో ముంచి లాగితే నూలు మాదిరి సాగతాది. ఇంగిలీసులో చీజు అంటారంట. మన బాసలో ఏమంటారో నిగంటు చూసి రాయి. నేనొచ్చినాక అమ్మ, నేను, వచ్చే పెండ్లాము కలిసి ఇట్టాంటిది పెట్టుకుంటాము.'

అచ్చరాలను అక్షరాలు చేశాను. బాసను భాష చేశాను. రెండు చోట్లా పిచ్చలో చకు గుడి పెట్టి పిచ్చి చేశాను. ఆదివారం వస్తే మాకందరికీ పిచ్చి. అట్లా దిద్ది, అట్లాగే అమ్మకు చదివి వినిపించాను. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. కొడుక్కి పిచ్చి కుదిరితే పెంచలకోనకు నడిచి వస్తానని మొక్కుకుంది. తిరిగొచ్చాక తమ్ముడికి ఈ సంగతి తెలిసి, కడుపు పట్టుకుని నవ్వి, రొట్టెకు ఆ పేరే ఉంచాడు.

నేను చూస్తున్నది అది కాదు. దాని కింద 'ఇరగ్గొడతారు' అన్నచోట ఎర్రసిరాతో 'విరుగగొట్టెదరు' అని ఉంది. అంటే ఆ వాక్యం నేను చదివాను. చదివి, దిద్ది, నిఘంటువు తీశాను. చీజుకు ఎదురుగా జున్ను అని ఉంది. జున్ను అని కార్డు రాశాను. విరిగిన పాలు వేరు, జున్ను వేరు అని నాకు తోచలేదు. ఇంట్లో బర్రె ఉన్న ఏ పిల్లవాడైనా చెప్పగలిగిన సంగతి.

ఇంటికొచ్చిన కొత్తలో తమ్ముడు ఒకసారి అడిగాడు. "అన్నా, జున్నంటే ఈనిన బర్రె పాలది గదా?" నేను లెక్కల పేపర్లు దిద్దుకుంటున్నాను. "నిఘంటువులో అదే ఉంది" అన్నాను. వాడు కొంచెంసేపు నిలబడ్డాడు. "అయితే అదేలే" అన్నాడు.

ఆరేళ్ళు సైకిలు మీద ఈనిన బర్రెల వెంట తిరిగాడు. నా ఒక్క మాట కోసమా?

"ఏం రాసుండాడు బావగారూ?"

చదివి వినిపించాను. నా దిద్దుబాట్లు వదిలేసి, వాడు రాసినట్టే చదివాను. వసారాలో బియ్యం చెరుగుతున్న మా అమ్మ చేట ఆపింది.

"పాలు విరగ్గొట్టడమా? కావాలనా?"

"ఆ దేశంలో అట్లా చేస్తారమ్మా."

"ఆ దేశంలో ఇండ్ల మీద బాంబులు పడినాయని నువ్వేగదా చదివితివి." చేట పక్కన పెట్టింది. "వాడు మొదట్లో ఒకసారి ఆ పనికి దిగినాడు అబ్బయ్యా. పొయ్యి మీద పాలు పెట్టుకోని, చేతిలో నిమ్మకాయ పట్టుకోని నిలబడుండాడు. నేను పోయి చెయ్యి పట్టుకున్నా. కాపురమున్న ఇంట్లో పాలు విరగ్గొట్టకూడదురా అన్నా. నిమ్మకాయ కింద పెట్టేసినాడు. మళ్ళా ఎత్తలా. నా మాటకే గదా ఊరూరా తిరిగినాడు."

"నీ మాట కాదమ్మా. నేను రాసిన కార్డు" అన్నాను.

"ఏం కార్డు?"

చెప్పాను. అమ్మకు సగమే అర్థమైంది. తలుపు పక్కనుంచి సుబ్బరత్నమ్మ అంది.

"మీ కార్డూ కాదు, అత్త మాటా కాదు. పెండ్లైన కొత్తలో నీకేం ఇష్టమని అడిగినాడు. జున్నన్నా. అందుకే అది ఏసినాడు."

"అట్టని నీకు చెప్పినాడా?" అంది అమ్మ.

"చెప్పాల్నా? నాకు తెలీదా?"

"నేను కన్నదాన్ని, నాకు తెలీదా?"

ఇద్దరూ నా వైపు చూశారు. తగవు తీర్చమన్నట్టు. బడిలో అయితే ఎవరు తప్పో చెప్పేవాణ్ణి. ఇక్కడ ముగ్గురి మాటా నిజంలాగే ఉంది. అడగటానికి వాడు లేడు. ఉన్నా, 'అయితే అదేలే' అనేవాడేమో.

"రేపు శుక్రవారం" అంది అమ్మ చివరికి. "శుక్రవారం పూట ఆ పని చేస్తే నేను ఈ ఇంట్లో ఉండను."

శనివారం గురించి ఏమీ అనలేదు. ఒప్పుకుందో లేదో నాకు తెలియలేదు. సుబ్బరత్నమ్మకు తెలిసినట్టుంది. ఓబులయ్యకు పాలు తెమ్మని కబురు పంపింది.

శనివారం పొద్దున అతడు మామూలు బర్రె పాలు రెండు బిందెలు బస్సు మీద తెచ్చి దించి, "ఇవి జున్నుపాలు కాదమ్మా, మళ్ళా నన్ననబాక" అని చెప్పి పెరట్లోనే కూర్చున్నాడు. సుబ్బరత్నమ్మ పాలు గోరువెచ్చన చేసింది. నిమ్మకాయ కోసింది. గిన్నె మీద చెయ్యి పెట్టింది. పిండలేదు. చెయ్యి అట్లాగే ఉండిపోయింది. నేను ఏ మాటన్నా అది ఇంకొక దిద్దుబాటు అవుతుందనిపించింది.

మా అమ్మ వసారాలోంచి లేచి వచ్చింది.

"నువ్వు చెయ్యబాకమ్మా. నీకు ముందు చానా కాలముండాది. ఇట్ట తే. నాకింక పోయేదేముండాది?"

నిమ్మచెక్క తీసుకుని పిండింది. రెండోది కూడా పిండింది. పాలు ముక్కలు ముక్కలుగా విడిపోయాయి. మేం ముగ్గురం గిన్నెలోకి చూస్తూ నిలబడ్డాం. ఓబులయ్య తల పక్కకు తిప్పుకున్నాడు.

"విరిగినాయి" అంది అమ్మ, మాకు కనబడనట్టు.

మొదటిది ఇసకలా అయింది. పులుపు ఎక్కువైందని సుబ్బరత్నమ్మ రెండోసారి తక్కువ పోయించింది. అప్పుడు కూడా పిండింది అమ్మే. గుడ్డలో వేసి నీళ్ళు తీసి, మరిగే నీళ్ళలో ముంచి, రెండు చేతులతో లాగింది కోడలు. వేలెడు పొడవు సాగి తెగిపోయింది.

"నూలు మాదిరి అని రాసినాడు గదా. ఇది నూలు కాదే. ఇదేనా బావగారూ?"

"నాకు తెలియదమ్మా."

మాలో ఎవరమూ దాన్ని చూడలేదు. చూసినవాడు ఒక్కడే. అదేనో కాదో తెలియకుండానే, ఓబులయ్య మళ్ళీ తెచ్చిన పాలతో ఆదివారమంతా ఇంకొకసారి, మరొకసారి చేశారు. నాలుగోసారికి జానెడు సాగింది. దాన్ని నూలు అనవచ్చునా అని ఆలోచించాను. అనవచ్చునేమో.

సోమవారం పుట్టపొయ్యి వెలిగింది. ఎర్రగుడ్డ కట్టాలా వద్దా అని ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. ఎర్రగుడ్డంటే జున్ను ఉన్నట్టు. లేకుండా కడితే అబద్ధం. చివరికి సుబ్బరత్నమ్మ తమ్ముడి మిలటరీ తువ్వాలు ఒకటి తెచ్చి కట్టింది. ఖాకీ రంగు. దానికి అర్థమేమిటో ఎవరికీ తెలియదు కాబట్టి అబద్ధం కాదు అంది.

వెంకటరమణయ్య బండి ముందే వచ్చింది. సుబ్బరత్నమ్మ అన్న ఆయన. చెల్లెలి వైపు, పొగ వస్తున్న పొయ్యి వైపు చూసి బల్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి ఉదయగిరి బస్సు ఆగింది. జనం దిగారు, కానీ వాకిట్లోనే నిలబడిపోయారు.

"ఎర్రది గదా ఉండాల. ఈ ఖాకీ ఏంది?" అంటూ మస్తానయ్య అందరికన్నా ముందు లోపలికొచ్చాడు. అతని ముందు రొట్టె పెట్టాను. పెట్టే పని తమ్ముడిది. ఇంటి మగవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే ఉన్నాను.

మస్తానయ్య ఒక ముక్క తుంచాడు. తెల్లది తెగకుండా పళ్ళెం నుంచి నోటిదాకా తీగలా సాగింది. మెడ వెనక్కు వంచినా తెగలేదు.

"ఓయమ్మో! ఇదేందమ్మా ఇది, వదలటంలా!" నమిలాడు. కండ్లు మూసి మళ్ళీ నమిలాడు. "ఇది ఆ రొట్టి కాదు."

పెరటి తలుపు దగ్గర సుబ్బరత్నమ్మ నిలబడి ఉంది. "బాగలేదా?" అంది.

"బాగలేదని ఎవురన్నారు? అది కాదంటుండా. ఇంకోటి పెట్టండి అయ్యవారూ, మళ్ళా చూసి చెప్తా."

రెండోది తిని కూడా అతడు ఏదీ తేల్చలేదు. మూడోది అడిగాడు. వాకిట్లో వాళ్ళు లోపలికొచ్చారు. ఓబులయ్య ఒక ముక్క తిని, "నాకు జున్నే బాగుండాది" అని చెప్పి, ఆ ముక్క పూర్తిగా తిని, పళ్ళెం మళ్ళీ చాపాడు. ఒకాయన పుల్లగా ఉందన్నాడు, పక్కాయన చప్పగా ఉందన్నాడు. ఎవరూ లేవలేదు. డ్రైవరు బయటినుంచి హారను కొడుతున్నాడు.

వెంకటరమణయ్య తన రొట్టె తిని చెయ్యి కడుక్కుని చాలాసేపు తుడుచుకున్నాడు.

"బండి ఊరికే తోలుకోని వచ్చినానే" అన్నాడు చెల్లెలితో. "సరే, ఇంకో రెండు ఆకులో కట్టియ్యి. మీ వదిన తింటాది."

సుబ్బరత్నమ్మ వెంటనే పొయ్యి దగ్గరికి తిరిగింది. ముఖం మాకు చూపించలేదు. ఆకులో రెండు కాదు, నాలుగు కట్టింది.

తర్వాత ఒక పలక, సుద్దముక్క తెచ్చి నా ముందు పెట్టింది. "దీనికి పేరు రాయండి బావగారూ, వాకిట్లో తగిలిస్తా. జున్ను దొరికినప్పుడు పిచ్చిరొట్టె కూడా చేస్తా. దీనికి వేరే పేరుండాల."

సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. ముప్పై మంది పిల్లల ముందు రోజూ చేసే పని. ఏం రాయాలో తెలియలేదు. తర్వాత మెల్లగా రాశాను. పిచ్చరొట్టె.

మస్తానయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి నా భుజం మీదుగా చూశాడు.

"అయ్యవారూ, చకు గుడి మర్చిపోయినారే!"

అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది. మాఘమాసం తర్వాత ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు.

"మర్చిపోలేదు" అన్నాను.

"మరి తప్పు గదా?"

"ఏమో మస్తానయ్యా."

"ఏం రాసినారు బావగారూ?" అంది సుబ్బరత్నమ్మ.

"వాడు రాసిందే."

మస్తానయ్య ఆ మాటను గుడి లేకుండా రెండుసార్లు పలికి చూశాడు. నోటికి కుదిరినట్టు లేదు. "ఏందో" అని, చివరి ముక్క నోట్లో వేసుకుని, వీధిలోకి పోయి విజిలు ఊదాడు.